కార్బొరేటర్ ట్యూనింగ్ కి పుత్లీబౌలి ఉస్తాద్: పని పక్కా, టైం మాత్రం అడగొద్దు

మూడు నెలల సంది నా యమహా వైజెడ్ 125, అదే మట్టి ట్రాక్ మీద నడిపే టూ స్ట్రోక్ రేసు బండి, నన్ను ఏడిపించింది. సెకండ్ హ్యాండ్ ల కొన్న, కొన్న రోజు నుంచి ఒకటే కథ, కింద రేస్ ఇస్తే గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు బుర్ర్ అని మూలుగుడు, సగం దాటినంక ఒక్కసారి దుంకుడు, సైలెన్సర్ చివర నల్లటి జిడ్డు కారుడు, అర్ధగంటకో ప్లగ్ బలి.

ముందు మా ఇంటి దగ్గర ఒకాయనకు చూపెట్టిన. ఆయన రోజూ చేసేది ఫోర్ స్ట్రోక్ బండ్లు, అదే అలవాటుల స్క్రూ లోపలికి తిప్పి "పెట్రోల్ తగ్గించిన" అన్నడు. అరే సామీ ఇది ఎయిర్ స్క్రూ, లోపలికి తిప్పితే గాలి తగ్గుతది, ఇంకా రిచ్ అయితది, అంటే గాలి కంటే పెట్రోల్ ఎక్కువైతది! మీదికెళ్లి ఆయిల్ సగం చెయ్యమన్నడు. టూ స్ట్రోక్ కి పెట్రోల్ లనే ఆయిల్ కలపాలె, నేను కలిపేది లీటర్ కి 33 ఎంఎల్, అంటే 30 కి 1. అది సగం చేస్తే జిడ్డు పోదు గని పిస్టన్ మాత్రం సీజయ్యేది.

ఇగ ఒక దోస్తు చెప్తే హైదరాబాద్ పుత్లీబౌలి గల్లీల ఉన్న ఈ ఉస్తాద్ దగ్గరికి పోయిన. షాప్ పేరు రాస్తలేను, ఆయనే ఒద్దన్నడు, ఇప్పటికే ఆర్‌ఎక్స్ బండ్లోళ్లు లైన్ కట్టి ఉన్నరు. ఈ బండికి రిజిస్ట్రేషన్ ఉండదు కదా, రోడ్డు మీద నడపలేం, ట్రాలీ ఆటోల ఎక్కించుకోని పోవుడే.

11 గంటలకు రమ్మన్నడు, ఆయన వచ్చింది ఒంటిగంటకు. ఫోన్ ఎత్తడు. అక్కడికే సగం మూడ్ పోయింది నాకు.

కానీ పని మొదలు పెట్టినంక నోరు మూసుకోని చూసిన. కార్బ్ (గాలి, పెట్రోల్ కలిపే కార్బొరేటర్) ముట్టుకోలేదు ముందు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూసిండు, ఇంజన్ నడుస్తుంటే ఇన్‌టేక్ రబ్బర్ చుట్టూ క్లీనర్ స్ప్రే కొట్టి రేస్ మారుతదేమో చెవి పెట్టి విన్నడు, మారలేదు. "గాలి లీక్ ఉంటే ఎన్ని జెట్లు మార్చినా బేకార్ భాయ్" అన్నడు. జెట్ అంటే కార్బ్ ల పెట్రోల్ పోయే సన్న బొక్క ఉన్న చిన్న ముక్క. తర్వాత రీడ్ వాల్వ్, అంటే ఇంజన్ లోపలికి గాలి, పెట్రోల్ పోయే తలుపు, ఇప్పి వెలుతురుకు పట్టి చూపెట్టిండు, దాని ఒక పెటల్ (సన్న రేకు) కొస జర చిట్లింది, ఇప్పటికి నడుస్తది గని మార్చుకో అన్నడు. అప్పుడు వచ్చిండు కార్బ్ దగ్గరికి.

నాకు బాగా నచ్చింది ఏందంటే, హ్యాండిల్ గ్రిప్ పక్కన తెల్ల టేప్ అతికించి థ్రాటిల్ మీద పెన్ తోని పావు, సగం, ముప్పావు గీతలు గీసిండు. పావు దాకా పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ చూసుకుంటయి, నడుమ నీడిల్ (కార్బ్ లోపలి సూది), ముప్పావు దాటితే మెయిన్ జెట్, గాబట్టి బండి ఏ గీత దగ్గర మూలుగుతదో చెప్పు, అదే పార్ట్ పడతా అన్నడు. ఇంత సింపుల్ ముచ్చట ఇన్ని రోజులు నాకు ఎవ్వడూ చెప్పలే.

స్టాండ్ మీద రేస్ ఇచ్చి ట్యూన్ చేసుడు ఆయన లెక్కల ట్యూనింగే కాదు. 500 ఎక్కువ తీసుకోని శంషాబాద్ అవతల ఖాళీ లేఅవుట్ కి మాతోనే ట్రాలీల వచ్చిండు. ఎయిర్ స్క్రూ రెండున్నర చుట్లు బయటికి తీసినా ఇంకా రిచ్ గనే ఉంది, అంటే పైలట్ జెట్ పెద్దది, చిన్నది వేసిండు, ఇప్పుడు ఒకటిన్నర చుట్టు దగ్గర మంచిగ పడుతుంది. నీడిల్ క్లిప్ ఒక గాడి పైకి పెట్టి నీడిల్ దించిండు. మెయిన్ జెట్ 430 నంబర్ ది తీసి 410 వేసిండు, నంబర్ తగ్గితే పెట్రోల్ తగ్గుతది. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే, పైగా ఎండలు, గాలి పలుచగ ఉంటది కాబట్టి అంత పెట్రోల్ అక్కర్లేదంట. మరి 400 వేద్దామా అని ఉత్సాహపడితే గుర్రుగ చూసిండు, ఇప్పటి పెట్రోల్ ల 20 శాతం ఇథనాల్, దానితోనే కొంచెం లీన్ అయితది (రిచ్ కి ఉల్టా, పెట్రోల్ తక్కువ పడుడు), ఇంక తగ్గిస్తే పిస్టన్ కి బొక్క పడతది అన్నడు. లాస్ట్ కి ఫుల్ థ్రాటిల్ ల లాగి, క్లచ్ పట్టి ఇంజన్ బంద్ చేసి ప్లగ్ ఇప్పితే ఇరానీ ఛాయ్ రంగు, అంటే ట్యూనింగ్ సరిగ్గ పడ్డట్టే!

మొత్తం 2,300 అయింది, జెట్లు వేరే. బిల్ ఇయ్యడు, యూపీఐ ఒకసారి తీసుకుంటడు ఒకసారి క్యాష్ అంటడు. పాత జెట్లు మాత్రం కవర్ల వేసి నంబర్ రాసి చేతికి ఇచ్చిండు, మా ఇంటి దగ్గరాయన తీసిన స్క్రూలే వాపస్ ఇయ్యలేదు. బండి కడగలేదు, ట్యాంక్ మీద నల్ల చేతి ముద్రలు అట్లనే ఉన్నయి, నేనే కడుక్కున్న.

చలికాలం పొద్దున సల్లగాలికి లీన్ అయితది, స్క్రూ పావు చుట్టు లోపలికి తిప్పుకో అన్నడు. పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి అట్లనే తిప్పిన, రెండో కిక్ కి లేసింది, పావు గీత నుంచి సగం దాకా ఎక్కడా మూలుగుడు లేదు. జిడ్డు కూడా బాగా తగ్గింది.

రీడ్ పెటల్స్ వస్తే మల్ల పోవాలె. మీరు పోతే శుక్రవారం పోకండి, నమాజ్ కి మూసి నాలుగింటికి గని తియ్యడు.