పాత మైసీక్వెల్ మీద జాంగో: రొయ్యల మేత కొట్టులో ఇన్నాళ్లు నడిపాక

ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత అమ్మే కొట్టు అది. పాత పీహెచ్‌పీ బిల్లింగ్ ప్రోగ్రాం, వెనకాల అప్పట్లో మైసీక్వెల్ 5.7 డేటాబేస్. ఏ రైతు ఏ గుంటకి ఎన్ని బస్తాలు అరువు పట్టుకెళ్లాడు, పట్టుబడి అయ్యాక ఎంత కట్టాడు, అన్నీ అందులోనే. యజమానికి ఆ లెక్క ఫోన్లో కనబడాలి. షరతు ఒక్కటే: "అబ్బయ్యా, ఆ బిల్లు ప్రోగ్రాం జోలికి మాత్రం పోబాక." అందుకే లెక్కలకి కొత్త డేటాబేస్ పెట్టకుండా ఉన్నదానికే జాంగో (పైథాన్‌లో వెబ్ ప్రోగ్రాములు కట్టుకునే ఫ్రేమ్‌వర్క్) తగిలించాను. 3.2తో మొదలుపెట్టాను, ఇప్పుడు 5.2 నడుస్తోంది.

జాంగోలో ఇన్‌స్పెక్ట్‌డీబీ కమాండ్ కొడితే టేబుళ్లన్నీ చదివి మోడల్స్ (ఆ టేబుళ్లకి పైథాన్ రూపాలు) రాసిచ్చేస్తుంది. ప్రతి మోడల్‌లోనూ మేనేజ్డ్ ఫాల్స్ అని తనే పెడుతుంది. అంటే మోడల్స్‌ని బట్టి టేబుళ్లు మార్చే మైగ్రేట్ కమాండ్ కొట్టినా ఆ టేబుళ్లను పుట్టించదు, మార్చదు, తీసేయదు. యజమాని షరతుకి సరిగ్గా సరిపోయింది. 'ఫ్రమ్' లాంటి కాలమ్ పేరు పైథాన్‌కి కుదరదు కనక దానికి తోక తగిలించి, ఎందుకు మార్చిందో పక్కనే కామెంటు కూడా రాస్తుంది. ఈ మర్యాద నాకు నచ్చింది.

అయితే డేటాబేస్‌కి తెలిసిందే దానికీ తెలుస్తుంది. మా టేబుళ్లు మైఐశామ్ అనే పాత నిల్వ పద్ధతివి, వాటిలో ఫారిన్ కీలు (ఒక టేబుల్ వరుసను ఇంకో టేబుల్ వరుసకి కట్టే లంకెలు) ఉండవు. రైతు నంబరు ఉత్త అంకెగా వచ్చింది. దాన్ని చేత్తో ఫారిన్ కీగా మార్చుకోవాలి, ఆన్ డిలీట్‌కి (అవతలి వరుస తీసేస్తే ఏం చేయాలన్నదానికి) డూ నథింగ్ ఇవ్వాలి. తిరకాసు ఆ తర్వాత ఉంది. ఎప్పుడో పేరు తీసేసిన రైతుల బస్తాలు బిల్లుల్లో అలాగే ఉంటాయి. ఆ ఫీల్డుకి నల్ ట్రూ (ఖాళీగా ఉండొచ్చని) పెట్టకుండా, రెండు టేబుళ్లనూ కలిపి తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ వాడితే జాంగో ఇన్నర్ జాయిన్ (రెండు వైపులా జోడీ ఉన్న వరుసలే తెచ్చేది) వేస్తుంది, రైతు లేని బిల్లులు చప్పుడు లేకుండా మాయమవుతాయి. ఎర్రర్ రాదు, మొత్తం మాత్రం తక్కువ చూపిస్తుంది. కాలమ్‌లో నల్ లేకపోయినా మోడల్‌లో నల్ ట్రూ అని రాస్తే లెఫ్ట్ జాయిన్ (అవతల జోడీ లేకపోయినా బిల్లును ఉంచేది) పడి లెక్క బిల్లింగ్‌తో కలుస్తుంది. మీ రిపోర్టు మొత్తం పాత ప్రోగ్రాంతో తేడా వస్తే ముందు ఇక్కడే వెతకండి.

నేను గట్టిగా మార్కులు తగ్గించేది కంపోజిట్ ప్రైమరీ కీ (ఒకటికి మించి కాలమ్‌లు కలిసి ఒక వరుసను గుర్తించే కీ) దగ్గర. మేత టేబుల్లో గుంట నంబరూ తేదీ కలిస్తేనే ఒక వరుస. 5.2కి ముందు జాంగోకి ఒక్క కాలమే కీగా ఉండాలి. ఇన్‌స్పెక్ట్‌డీబీ మొదటి కాలమ్‌ని, అంటే గుంట నంబరుని, కీ చేసేస్తుంది. కాపీ డేటాబేస్ మీద ఒక్క రోజు వరుసను డిలీట్ చేసి చూశాను, ఆ గుంట చరిత్రంతా పోయింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2లో కంపోజిట్ ప్రైమరీ కీ వచ్చింది, ఇన్‌స్పెక్ట్‌డీబీ కూడా దాన్నే రాస్తుంది. కానీ ఆ మోడల్ అడ్మిన్‌లో (డేటా చూసుకోడానికి, దిద్దుకోడానికి జాంగో తనే ఇచ్చే పేజీల్లో) రిజిస్టర్ కాదు. అడ్మిన్ కోసమే జాంగో పట్టుకున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

వెర్షన్ల గొడవ ఇంకోటి. జాంగో 4.2 నుంచి మైసీక్వెల్ 8 ఉండాల్సిందే. సర్వర్ని 8కి ఎక్కిస్తే పాత పీహెచ్‌పీకి కొత్త పాస్‌వర్డ్ పద్ధతి అర్థం కాదు, దాని యూజర్‌కి పాత నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతే ఉంచాల్సి వచ్చింది. ఫ్రేమ్‌వర్క్ ఎంచుకునేటప్పుడు డేటాబేస్ వయసు కూడా చూసుకోవాలని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

జాంగో సొంత టేబుళ్లు, అంటే లాగిన్లు, సెషన్లు, వేరే డేటాబేస్‌లో పెట్టి, ఏ టేబుల్ ఏ డేటాబేస్‌కి వెళ్లాలో చెప్పే రౌటర్ రాశాను. పాతదానికి సెలెక్ట్ అనుమతి (చదవడం) మాత్రమే ఉన్న యూజర్ని ఇచ్చాను. రెండు డేటాబేస్‌ల మధ్య ఫారిన్ కీ కుదరదు కనక లాగిన్ పక్కన రైతు నంబరు ఉత్త అంకెగానే ఉంది. టెస్టులు రాసేవాళ్లకి ఒక మాట: మేనేజ్డ్ కాని టేబుళ్లు టెస్ట్ డేటాబేస్‌లో పుట్టవు, వాటిని మీరే పుట్టించుకోవాలి.

ఈమధ్య యజమాని గుంట గట్టు మీద నుంచే బస్తాలు ఎక్కిస్తానంటున్నాడు. అవి నా డేటాబేస్‌లో వేరే టేబుల్లో పడతాయి, సాయంత్రం గుమస్తా చూసుకుని బిల్లింగ్‌లో కొడతాడు. సెలెక్ట్ యూజర్‌కి అంతకుమించి అనుమతి ఇచ్చే ఉద్దేశం నాకు లేదు.