ఆబిడ్స్ ఆదివారం బజారులో పదకోశాల దుకాణం

ఆదివారం నాడు ఆబిడ్స్‌లో మూసి ఉన్న దుకాణాల ముందు, కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల బజారు గురించి హైదరాబాదు వారికి కొత్తగా చెప్పవలసింది లేదు. పోటీ పరీక్షల గైడ్లు, ఇంగ్లీషు నవలలు, ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలు గుట్టలుగా పోసి అమ్మే ఆ వరుసలో, జనరల్ పోస్టాఫీసు దిక్కున, పేరూ బోర్డూ లేని ఒక చిన్న దుకాణం ఉంది. నిఘంటువులు, పదకోశాలు, శాస్త్ర పరిభాషకు సంబంధించిన గ్రంథాలు తప్ప అక్కడ మరొకటి అమ్మరు. అనువాదం చేసేవారు, తెలుగు మాధ్యమంలో చదివేవారు, పాత శాస్త్రగ్రంథాలను సొంతంగా చదువుకోదలచినవారు తప్పక చూడవలసిన చోటు అది.

ఆ దుకాణంలో ముందుగా మెచ్చుకోవలసింది అమరిక. పుస్తకాలను సైజును బట్టో ధరను బట్టో కాక, శాస్త్రాన్ని బట్టి పేరుస్తారు. వ్యాకరణం, ఛందస్సు, అలంకారశాస్త్రం ఒక వరుస. సంగీత నాట్యాలు ఒక వరుస. ఆయుర్వేద జ్యోతిషాలు మరొకటి. ఆ తరువాత గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాల పదావళులు. చివర పరిపాలనకూ కోర్టు వ్యవహారాలకూ సంబంధించినవి. ‘న్యాయశాస్త్రం’ అని అట్ట మీద ఉన్న తర్కగ్రంథాన్ని, అదే పేరుతో ఉన్న లా విద్యార్థుల పుస్తకాలతో కలిపి పెట్టే దుకాణాలను ఈ నగరంలో చాలా చూశాను. ఇక్కడ గౌతముని న్యాయం తర్కం వరుసలోనూ, కోర్టుల న్యాయం ఆ చివరనూ ఉన్నాయి. అమ్మేవారికి తన సరుకు లోపలి సంగతి తెలుసునని ఆ ఒక్క విషయంతోనే రుజువవుతుంది.

నేను అక్కడ ఉన్నప్పుడు సంగీతం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి వచ్చి, ‘జాతి’ అనే మాటకు సరైన అర్థం దొరికే పుస్తకం కావాలని అడిగింది. పుస్తకం తీయకముందే దుకాణదారు, “ఏ శాస్త్రంల జాతి అమ్మా?” అని అడిగారు. పరిభాషను గురించి ఎవరైనా మొదట వేయవలసిన ప్రశ్న అదే.

తాళశాస్త్రంలో లఘువు అంటే చేత్తో ఒక దెబ్బ వేసి వేళ్లు లెక్కపెట్టే భాగం. దానికి ఎన్ని అక్షరాల, అంటే ఎన్ని లెక్కల, కాలమో జాతి నిర్ణయిస్తుంది: తిశ్రానికి 3, చతురశ్రానికి 4, ఖండానికి 5, మిశ్రానికి 7, సంకీర్ణానికి 9. మనం రోజూ వినే ఆదితాళం శాస్త్రరీత్యా చతురశ్రజాతి త్రిపుట. 4 అక్షరాల లఘువు మీద రెండేసి అక్షరాల ద్రుతాలనే భాగాలు రెండు చేరి మొత్తం 8 అవుతాయి. అదే మాట ఛందస్సులోకి వస్తే, కందం, ద్విపద, తరువోజ వంటివి జాతులు, ఆటవెలది, తేటగీతి, సీసం ఉపజాతులు. అక్కడ లఘువు అంటే ఒక మాత్ర కాలంలో పలికే అక్షరం మాత్రమే కనుక, తాళంలోని లఘువును మనసులో పెట్టుకొని ఛందోగ్రంథం తెరిచినవారికి మొదటి పుటలోనే దారి తప్పుతుంది. జీవశాస్త్రంలో జాతి వర్గీకరణలో ఒక మెట్టు: మామిడి చెట్టు మాంజిఫెరా అనే ప్రజాతిలో ఇండికా అనే జాతి. ఇక తర్కంలో ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. ఆవులన్నిటిలోనూ సమానంగా ఉండే గోత్వం వంటి సామాన్యధర్మం ఒకటి. వాదంలో ఎదుటివాడి హేతువుకు పైపై పోలికతో చెప్పే చెల్లని సమాధానం ఇంకొకటి. ఈ రెండో రకాన్ని న్యాయసూత్రాలు 24 విధాలుగా విభజించాయి. సాధారణ నిఘంటువు ‘పుట్టుక, కులం, తెగ’ అని చెప్పి ఊరుకుంటే ఇందులో ఏ ఒక్క విద్యార్థికీ పని జరగదు. ఆ అమ్మాయికి దుకాణదారు తాళ లక్షణాలు చెప్పే పలచని పుస్తకం ఒకటి ఇచ్చి, పెద్ద నిఘంటువు అవసరం లేదని తానే వారించారు. అమ్ముడుపోయే ఖరీదైన పుస్తకాన్ని వద్దని చెప్పే వ్యాపారి మీద నాకు గౌరవం కలిగింది.

ఆధునిక శాస్త్రాల వరుస గురించి కొంత జాగ్రత్తగా చెప్పాలి. ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల పుస్తకాలు తెలుగులో తేవడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత, శాస్త్రాల వారీగా పదావళులు కూర్చే పని విస్తృతంగా సాగింది. త్వరణం, జడత్వం, ద్రవ్యవేగం, కిరణజన్య సంయోగక్రియ వంటి మాటలు ఇవాళ పల్లెటూరి బడిపిల్లల నోట కూడా పలుకుతున్నాయంటే, పాఠ్యపుస్తకాల కోసం పదాలు కూర్చిన పండితుల శ్రమే కారణం. ఆ శ్రమ మీద నాకు అపారమైన కృతజ్ఞత ఉంది. అయితే ఈ దుకాణంలో దొరికే పాత పదావళుల్లో చాలావరకు ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాట పెట్టినవే గాని, నిర్వచనం ఇచ్చినవి కావు. ‘ప్రమేయం’ చూడండి. గణితంలో అది ఒక సమితిలోని ప్రతి మూలకాన్నీ మరొక సమితిలోని ఒకే ఒక్క మూలకంతో జతచేసే సంబంధం. తర్కంలో ప్రమాణం చేత, అంటే ప్రత్యక్షం, అనుమానం వంటి జ్ఞానసాధనం చేత, తెలియదగిన వస్తువు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ‘అందులో నా ప్రమేయం లేదు’ అంటాము. భావం ముందే తెలిసి మాట కోసం వెతికేవారికి జంటపదాల పట్టిక చాలు. మాట పట్టుకొని భావం కోసం వచ్చేవారికి అది చాలదు. అందువల్ల విద్యార్థులు పదావళి ఒక్కటే కొనకుండా, దానితో పాటు ఆ శాస్త్రంలో తొలి తరగతుల తెలుగు పాఠ్యపుస్తకం కూడా కొనుక్కోవడం మంచిది. రెండూ ఇక్కడ దొరుకుతాయి.

ఈ దుకాణంలో నాకు దొరికిన వాటిలో అన్నిటికంటె విలువైనది మాండలిక వృత్తి పదకోశంలోని చేనేత సంపుటం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఈ పదకోశంలో వ్యవసాయ సంపుటాన్ని 1962లోనూ, చేనేత సంపుటాన్ని 1971లోనూ ప్రచురించింది. పండితులు గదిలో కూర్చొని పదాలు కల్పించడం ఒక పని. రైతు, నేతగాడు పనిచేసే చోటికి వెళ్లి వారి నోటి మాటను ఏ ప్రాంతానిదో సహా రాసుకోవడం మరొక పని. నిలువు దారానికి పడుగు, అడ్డ దారానికి పేక అన్నవి ఎంత కచ్చితమైన పారిభాషిక పదాలో ఈ పుస్తకం పట్టుకుంటే గాని తెలియదు. ‘అచ్చు’ అనే మాట బడిపిల్లవాడికి అ, ఆ, ఇ, ఈలు, ముద్రాపకుడికి సీసపు అక్షరం, నేతగాడికి మగ్గంలో ఒక భాగం. శాస్త్రం అనే మాటకు విశ్వవిద్యాలయాల్లో చెప్పేది మాత్రమే అర్థమని అనుకునేవారు ఒక్కసారి ఈ సంపుటం తిరగేయాలని నా మనవి.

ఉర్దూ చదవగలవారికి మరొక ఆకర్షణ ఉంది. ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడడానికి ముందే, 1917లో, పాఠ్యగ్రంథాల అనువాదానికి దారుల్ తర్జుమా అనే సంస్థ హైదరాబాదులో నెలకొన్నది. శాస్త్ర పదాలు నిర్ణయించడానికి అక్కడ ప్రత్యేకంగా సంఘాలు పనిచేశాయి. ఆ కాలపు గణిత, విజ్ఞాన గ్రంథాల కట్టలు ఈ దుకాణంలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. త్రిభుజానికి ముసల్లస్, చతురస్రానికి మురబ్బా అని వాటిలో చదువుతాము. పాకంలో ఊరబెట్టిన ఉసిరికాయను కూడా హైదరాబాదులో మురబ్బా అనే అంటారు గాని, ఉర్దూ రాతలో ఆ రెండు మాటలూ వేరు. తెలుగు పరిభాషకు సంస్కృతం ఎలాగో, అక్కడ అరబ్బీ, ఫారసీ అలాగ. ఒకే నగరంలో జరిగిన ఆ రెండు కృషులనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం నాకు మరెక్కడా దొరకలేదు.

లోపాలు లేకపోలేదు. అరుదైన పుస్తకాలకు జిరాక్సు ప్రతులు కుట్టి, దాదాపు అసలు ప్రతి ధరకే అమ్ముతున్నారు. జిరాక్సులో ఒత్తులు పోవడం పరిభాషా గ్రంథాల విషయంలో చిన్న దోషం కాదు. రసాయన పదావళిలో ‘క్షారం’ కాస్తా ‘కారం’గా కనిపించే పుటలు నేను చూశాను. కంప్యూటరు, వైద్య రంగాల్లో ఇటీవలి సంకలనాలు దాదాపు లేవు. కొన్న పుస్తకంలో పుటలు తక్కువైతే తిరిగి తీసుకోరు. కాబట్టి ఏ పుస్తకమైనా అక్కడే విప్పి, మొదలూ చివరా, వర్ణక్రమంలో ఎక్కడైనా తెగిందేమోనని చూసుకోవాలి. అలా చూసుకోవడానికి మాత్రం దుకాణదారు ఎంతసేపైనా విసుగు లేకుండా అవకాశమిస్తారు. కూర్చోవడానికి చిన్న స్టూలు కూడా జరుపుతారు. ధరలు సామాన్యంగానే ఉన్నాయి. కొంచెం బేరం నడుస్తుంది.

కొనబోయే పదకోశాన్ని పరీక్షించడానికి నేను వాడే మాట ‘సంధి’. వ్యాకరణంలో రెండు వర్ణాల కలయిక, నాటకంలో ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అనే అయిదు భాగాలు, ఆయుర్వేదంలో కీలు, రాజనీతిలో పరరాజులతో వ్యవహరించే ఆరు గుణాలలో మొదటిదైన ఒడంబడిక. ఈ అర్థాలలో కనీసం మూడింటిని వేరుచేసి, ఏది ఏ శాస్త్రానిదో చెప్పిన పుస్తకమైతే ధర కొంచెం ఎక్కువైనా కొనవచ్చు. పొద్దుటే వెళితే తీరికగా చూసుకోవచ్చు. వృత్తి పదకోశ సంపుటాలనూ, ఉర్దూ కట్టలనూ పైన పరచరు. వెనుక అట్టపెట్టెల్లో ఉంటాయి, అడిగితేనే తీస్తారు.