కరోనా కాలంలో మా అమ్మాయి కళాశాల: ఒక తండ్రి సమీక్ష

మా అమ్మాయి 2019లో అనంతపురం శివార్లలోని ఒక చిన్న రెసిడెన్షియల్ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ ఎంపీసీలో చేరింది. మొదటి సంవత్సరం పూర్తి కాకముందే, 2020 మార్చిలో విద్యాసంస్థలు మూతపడడంతో, హాస్టల్ ఖాళీ చేయించి పిల్లలందరినీ ఇళ్లకు పంపించారు. అప్పటి నుంచి రెండో వేవ్ తగ్గేదాకా ఆ కళాశాల పాఠాలు చెప్పిన తీరు గురించి, పిల్లలను ఇలాంటి చోట చేర్పించాలనుకునే తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట్లో వారు కూడా అందరిలాగే తరగతి టైంటేబుల్‌ను ఉన్నదున్నట్టు జూమ్‌లోకి మార్చారు. ఉచిత ఖాతా కావడంతో నలభై నిమిషాలకు మీటింగ్ ఆగిపోయేది. కళ్యాణదుర్గం దగ్గరి మా ఊరిలో సిగ్నల్ మిద్దె మీద తప్ప అందదు; పైగా ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను పగలంతా నాతోపాటు చేనులో ఉండేది. వేరుశనగ విత్తనం వేసే అదును వచ్చేసరికి ఆ తరగతులకు హాజరయ్యే పిల్లలు సగానికి సగం తగ్గిపోయారు. అప్పుడు అధ్యాపకులు పిల్లలను మందలించకుండా ఇంటింటికీ ఫోను చేసి, ఇంట్లో ఎన్ని ఫోన్లు ఉన్నాయి, ఏ వేళలో పిల్లల చేతికి వస్తాయి, సిగ్నల్ ఎలా ఉంటుంది అని అడిగి రాసుకున్నారు. ఆ తరువాత జరిగిన మంచి అంతా ఆ విచారణ వల్లనే జరిగిందని నా నమ్మకం.

గణితం సారు నల్లబల్ల మీద రాస్తున్న చేయి, ఆయన గొంతు మాత్రమే ఉండేలా పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టేవారు. వీడియో దిగనివారి కోసం అదే పాఠం నోట్సును పేజీ పేజీగా ఫొటో తీసి పంపేవారు. మా అమ్మాయి వాటిని రాత్రి నేను ఇంటికి చేరాక దింపుకుని, తెల్లవారుజామున చదువుకునేది. అవకలన సమీకరణాల దగ్గర తను చిక్కుకుపోయినప్పుడు సారు మామూలు ఫోను చేసి, "ఎక్కడ ఆగిపోయావమ్మా, ఆ పంక్తి చదివి వినిపించు" అని అడిగి, తప్పు దొరికేదాకా ఓపికగా విన్నారు. అసైన్‌మెంట్ల గడువును పొలం పనులనుబట్టి, ఇంట్లో జబ్బులనుబట్టి పెంచారే తప్ప, దిద్దడంలో మాత్రం ఏమాత్రం మెత్తబడలేదు. కాపీ కొట్టిన జవాబులను తిప్పి పంపి మళ్లీ రాయించారు. వేళ విషయంలో పట్టువిడుపు, చదువు విషయంలో పట్టుదల చూపిన ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. విద్యార్థుల సంఖ్య తక్కువ కావడం వల్లనే ఇది సాధ్యమైందని కూడా చెప్పాలి. ఒక్కో సెక్షన్‌లో వందమందిని కుక్కే చోట ఏ అధ్యాపకుడూ ఇలా ఫోన్లు చేయలేడు.

ప్రయోగశాల విషయంలో మాత్రం ఈ పద్ధతి చాలలేదు. ఆమ్ల క్షార అంశమాపనాన్ని (ఒక ద్రావణాన్ని మరోదానికి కొద్దికొద్దిగా కలుపుతూ గాఢత కనుక్కునే టైట్రేషన్‌ను) వీడియోలో చూపించారు గానీ, బ్యూరెట్ అనే కొలతల గాజు గొట్టం కొళాయిని వేళ్లతో అదుపు చేస్తూ చుక్క చుక్కగా వదిలి, ఫినాఫ్తలీన్ సూచిక లేత గులాబీ రంగు నిలవగానే ఆపడం చూస్తే వచ్చే విద్య కాదు. 2020 చివర్లో కళాశాల తెరిచాక పిల్లలను జట్లుగా పిలిపించి, హాస్టల్ గదికి ఇద్దరిని మాత్రమే ఉంచి, ముందుగా ప్రాక్టికల్స్ చేయించడం సరైన నిర్ణయం. అయితే 2021 వేసవిలో మళ్లీ మూతపడడంతో భౌతికశాస్త్రం ప్రయోగాలు కొన్ని హడావుడిగా ముగిశాయి, ఆ లోటు మా అమ్మాయికి ఎమ్మెస్సీలో చేరాక కూడా తెలిసింది.

నాకు నిజంగా బాధ కలిగించింది ఫీజుల వ్యవహారం. పిల్లలు ఇంట్లో తిన్న నెలలకు మెస్ చార్జీలు వెనక్కి ఇస్తామని నోటిమాటగా చెప్పారు. చివరికి కొంత మొత్తాన్ని మాత్రమే తరువాతి ఏడాది ఫీజులో సర్దుబాటు చేశారు, దానికి లెక్క కాగితం కూడా ఇవ్వలేదు. బోధనలో అంత శ్రద్ధ చూపిన యాజమాన్యం ఇక్కడ ఇంత అలసత్వం చూపడం తగదు. ఈ కళాశాలలో చేర్పించేవారు ట్యూషన్ ఫీజు, హాస్టల్ అద్దె, మెస్ చార్జీ విడివిడిగా రాయించుకుని, సెలవులు పొడిగిస్తే ఏది తగ్గుతుందో చేరే రోజే సంతకంతో తీసుకోవాలి.