ఆఫీసుకు సొంత కాల్ సర్వర్ చేయిస్తున్నారా? ముందు మా బిల్లు చూడండి

మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్. మూడు బ్రాంచీలు, ఒక గోడౌన్. అందరికీ ఒకే నంబరు, స్టాఫ్‌కి చాటింగ్, ఆర్డర్ ఎక్కడుందో తెలుగులో చెప్పే ఐవీఆర్ (రికార్డు గొంతుతో తానే జవాబిచ్చేది), అన్నీ కలిపి ఒక సర్వర్ చేయించాం. చేసిన కంపెనీ పేరు రాయను. "అంతా మా సొంత కోడ్ సార్" అని 4 లక్షల 20 వేలు తీసుకున్నారు. తర్వాత తేలింది, లోపల ఉన్నది ఆస్టరిస్క్ అనే కాల్ సర్వర్ సాఫ్ట్‌వేర్. 1999 నుంచి ఉచితంగా దొరుకుతున్నదే. అది వాడటం తప్పు కాదు, మంచి సాఫ్ట్‌వేరే. సొంతమని చెప్పినందుకే నాకు మండింది.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. మొదటి వారంలో గోడౌన్ వాళ్ల గొంతు మాకు వినపడేది, మాది వాళ్లకు వినపడేది కాదు. రోజంతా హలో, హలో. పోర్టు అంటే సర్వర్‌కి నంబరున్న తలుపు లాంటిది. ఇందులో రింగ్ సంగతి 5060 పోర్టు చూసుకుంటుంది. మాట మాత్రం వేరే దారిలో, మామూలుగా 10000 నుంచి 20000 మధ్య పోర్టుల్లో నడుస్తుంది. ఆ దారి ఒక్కటే తెరవాలి. సర్వర్ చేసిన కంపెనీ అబ్బాయి ఏకంగా ఫైర్‌వాలే (బయటివాళ్లను అడ్డుకునే కాపలా) ఆపేశాడు. మాట వినపడింది. అందరం టీ తాగాం.

నలభై రోజులకు, ఒక సోమవారం పొద్దున్నే లైన్ ఇచ్చిన కంపెనీ నుంచి ఫోన్. లాగ్ తెరిస్తే శనివారం రాత్రి 1:47 నుంచి 101 ఎక్స్‌టెన్షన్ మీద ఎప్పుడూ వినని దేశాల కోడ్లకు కాల్స్, ఒకదాని వెంట ఒకటి, ఆదివారం రాత్రి దాకా. 101 మా కౌంటర్ ఫోన్. ఆ టైముకి షట్టర్ వేసి ఉంది. దాని పాస్‌వర్డ్ చూస్తే, అదీ 101. 102కి 102. ఫైర్‌వాల్ లేక మాలా 5060 తెరిచి ఉన్న సర్వర్ల కోసం నెట్‌లో బాట్లు (దొంగలు వదిలిన ప్రోగ్రాములు) పగలూ రాత్రీ వెతుకుతూనే ఉంటాయి, ముందు కొట్టి చూసేది ఇలాంటి పాస్‌వర్డులే. అలాంటి కాల్స్‌లో నిమిషానికి ఇంతని వాటా దొంగలకు ముడుతుంది. లైన్ మా పేరు మీద ఉంది కాబట్టి 1,86,000 మేమే కట్టాం.

సర్వర్ చేసిన కంపెనీని అడిగితే "సెక్యూరిటీ మా స్కోపులో లేదు" అన్నారు. అగ్రిమెంట్ తీసి చూశాను. నిజమే, లేదు. సర్వర్ మొత్తాన్నీ తెరిచే రూట్ పాస్‌వర్డ్ ఇమ్మంటే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ డబ్బు) కట్టమన్నారు. సర్వర్ మాది, తాళంచెవి వాళ్లది!

మీరు చేయిస్తుంటే రూట్ పాస్‌వర్డ్, కోడ్, సెట్టింగుల ఫైళ్లు చేతికి వచ్చాకే ఆఖరి వాయిదా ఇవ్వండి. ఆస్టరిస్క్‌ను మార్చి మీకిచ్చి ఉంటే, అది ఉచితంగా దొరికే జీపీఎల్ అనే లైసెన్సు ప్రకారం ఆ మార్చిన కోడ్ అడిగి తీసుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్ల పాస్‌వర్డులు మీ కళ్లతో మీరే చూసుకోండి. రోజుకు ఇంత దాటితే కాల్స్ ఆగిపోయేలా లైన్ కంపెనీ దగ్గర లిమిట్ పెట్టించండి.

ఇప్పుడు వేరే కుర్రాడు చూస్తున్నాడు. వచ్చిన రోజే "అసలు మీకు ఐఎస్‌డీ ఎందుకండీ?" అన్నాడు. లెక్క చూస్తే, తైవాన్ సప్లయర్‌కి రెండంటే రెండు సార్లు చేశాం. అదీ వాట్సాప్‌లో అయిపోయేది.