టాపెట్ ఫీలర్ గేజ్ సెట్: శాక్సఫోన్ మౌత్‌పీస్ కొలవడానికి 4 స్టార్లు

ఇది బండి టాపెట్లు సెట్ చేసుకునే మామూలు గేజే, సందులో దూర్చి అదెంతుందో చూసే 13 స్టీలు బ్లేడ్లు, మందం 0.05 నుంచి 1 మిల్లీమీటర్ దాకా. నేను కొన్నది మాత్రం ఆల్టో శాక్స్ మౌత్‌పీసులు, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్కలు, వాటి కొస దగ్గర సందూ, అక్కడిదాకా ఉండే వంపూ కొలుద్దామని. బ్యాండ్ వాళ్ల దగ్గర తీసుకునే సెకండ్ హ్యాండ్ పీసుల మీద సందు ఎంతో చెప్పే నంబరు అరిగిపోయి ఉంటది, లేదా ఎవడో శాండ్‌పేపర్ పెట్టి రుద్దేసి ఉంటాడు, కొలవకపోతే ఏం తెలుస్తది. దీనికోసమే చేసే సెట్లు బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలంటే షిప్పింగూ కస్టమ్సూ తడిసి మోపెడవుద్ది.

దీంతోపాటు కావాల్సింది గాజుముక్క. అద్దాల షాపులో 6 ఎంఎం గాజు మిగిలిన ముక్క అడిగితే అంచులు కూడా రుద్ది ఇచ్చారు. అర మిల్లీమీటర్ గీతల స్కేలు ట్రాన్స్‌పరెంట్ షీట్ మీద ప్రింట్ తీయించి వెనక అంటించా. ప్రింట్ యాక్చువల్ సైజ్‌లోనే తీయమని గట్టిగా చెప్పండి, లేకపోతే ఫిట్ టు పేజ్ కొట్టేస్తారు, స్కేలు కురచైపోద్ది. ఇక సున్నా గీత దగ్గర మౌత్‌పీస్ ఆనే వైపు 3 ఎంఎం మందం ప్లాస్టిక్ ముక్క అతికించా, కొస దానికి తగిలేదాకా జరిపితే చాలు.

రీడ్ (ఊదితే అదిరే పల్చటి బద్ద) కూర్చునే చదును భాగం గాజుకి ఆన్చి, కొస పైకి పట్టుకుని, బ్లేడ్‌ని అడ్డంగా మధ్యలోకి వదిలితే దాని బరువుకి జారి ఒకచోట ఆగుద్ది. తోయొద్దు. కంటికి ఎదురుగా తిన్నగా పెట్టుకుని గీత చూడాలి, ఓరగా చూస్తే అర గీత తేడా వచ్చేస్తది. బ్లేడ్ ఒక పక్కకి వాలి ఆగిందంటే రెండు రైల్స్ (రీడ్ ఆనే అటూ ఇటూ అంచులు) సమానంగా లేవన్నట్టే, నా దగ్గర కీచుమనే పీస్ ఒకటుంది, దాన్లో 0.25 బ్లేడ్ వాలడం కంటికే కనపడింది.

కొస దగ్గర సందు కొలవడానికి బ్లేడ్లు కలిపి పెట్టా. యమహా ఆల్టో 4సీ నంబరు పీస్‌కి కంపెనీ చెప్పే సందు 1.60 మిల్లీమీటర్లు, 1.00 మీద 0.60 పెడితే బిగుతుగా సరిపోయింది, అంటే సెటప్ కరెక్టే. 5సీ 1.70, అంటే నంబరుకీ నంబరుకీ తేడా 0.10 మాత్రమే, అందుకే బ్లేడ్లకి ఉండే ఆయిల్ శుభ్రంగా తుడిచాకే కలపండి.

ఒక స్టార్ ఎందుకు కట్ చేశానంటే, 0.05 బ్లేడ్ మరీ పల్చన, స్క్రూ బిగిస్తుంటేనే మడత పడింది. ఇంకోటి, మౌత్‌పీస్ పనివాళ్లు వాడే అన్నిటికన్నా సన్న బ్లేడ్ 0.0015 అంగుళం, అంటే 0.038 మిల్లీమీటర్, అది ఈ సెట్‌లో లేదు. వంపు మొదలయ్యే చోటు తెలిసేది దాంతోనే. ఊరికే కొలిచి పోల్చుకునేవాళ్లకి ఇది చాలు, రుద్ది రీఫేసింగ్, అంటే ఆ వంపు మళ్లీ తీర్చడం, చేద్దామనుకునేవాళ్లు మాత్రం ఆ ఒక్క బ్లేడ్ విడిగా వెతుక్కోవాల్సిందే, హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతుంటే చెప్పండి బాబూ.