మోరిస్ మైనర్ 1000: పదమూడేళ్లు చేతిలో ఉంచుకున్నాక

2012 వేసవిలో, ఇంగ్లండులోని వూస్టర్‌షైర్‌లో ఒక పల్లెటూరి షెడ్డులోంచి, 1966 నాటి నాలుగు తలుపుల మోరిస్ మైనర్ 1000 సెలూన్ కారును 1,900 పౌండ్లకు కొన్నాను. పదకొండేళ్లుగా దాన్ని స్టార్టు చేయలేదన్న సంగతి అమ్మిన పెద్దాయన ముందే చెప్పారు కనుక ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నేను బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసుకొనే సివిల్ ఇంజనీరును. మెకానిక్ పని నేర్చుకున్నవాణ్ని కాను. మూడు చలికాలాలు దాన్ని విప్పి, కోసి, అతికించి, బిగించి, 2015లో రోడ్డెక్కించాను. అప్పటినుంచి ఇరవై ఆరు వేల మైళ్లు నడిపాను. ఈ కారు కొనాలనుకొని నన్ను సలహా అడిగేవారు దాదాపు అందరూ ఇంజను గురించే అడుగుతారు. అడగవలసింది అడుగు రేకు గురించి.

ఇంజను సంగతి ముందు చెప్పేస్తే ఆ బెంగ తీరిపోతుంది. 1948లో మైనర్ బజారులోకి వచ్చినప్పుడు దానిలో ఉన్నది పాతకాలపు సైడ్ వాల్వ్ ఇంజను (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే రకం). 1952లో మోరిస్, ఆస్టిన్ సంస్థలు రెండూ కలిసి బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) అయ్యాక ఆస్టిన్ వారి ఎ-సిరీస్ ఇంజను దీనిలోకి వచ్చింది. మొదట 803 సి.సి., 1956లో 948, 1962లో 1098. నా కారులో ఉన్నది చివరిది. మినీ కారులో ఉన్నదీ ఈ కుటుంబపు ఇంజనే కనుక విడిభాగాలకు వెతుకులాట ఉండదు. పదకొండేళ్లు కదలకుండా పడి ఉన్న ఇంజను, ప్లగ్గుల రంధ్రాల్లోంచి కాస్త నూనె పోసి రెండు రోజులు నాననిచ్చాక, ముందునుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పితే తిరిగింది. వాల్వు సీట్లను అరగకుండా కాపాడే సీసం కలిపిన పెట్రోలు సాధారణ అమ్మకం బ్రిటన్‌లో 2000 జనవరి నుంచే ఆగిపోయింది కనుక, హెడ్డు విప్పినప్పుడే ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించాను. ఆ తర్వాత దానికి చేసిందల్లా ఆయిలు మార్చడం, వాల్వుల సందును అంగుళంలో వెయ్యికి పన్నెండు వంతులకు, సీబీ పాయింట్ల (ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే కాంటాక్ట్ బ్రేకర్ల) సందును పదిహేను వంతులకు ఫీలర్ గేజీతో సరిచూడడం. ఆదివారం మొదలుపెడితే భోజనాల వేళకు ముగిసే పని అది.

ఇక రేకు. మైనర్‌కు లారీకి ఉన్నట్టు విడి ఛాసీ ఉండదు. నేల రేకు, దానికి అతికించిన పెట్టె భాగాలే దాని ఎముకలు. తలుపుల కింద గడపలా సాగే సిల్, ముందు సీట్ల కింద అడ్డంగా పోయే క్రాస్ మెంబర్, జాకీ పెట్టే చోట్లు, వెనుక కమాను పట్టీలు వేలాడే హ్యాంగర్లు: వాన నీరు, చలికాలంలో ఇక్కడి రోడ్లమీద చల్లే ఉప్పు చేరి నిలిచేది వీటిలోనే. ముందు చక్రాలను మోసే టోర్షన్ బార్ల (మెలిపడుతూ స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీల) వెనుక కొసలు ఆ క్రాస్ మెంబర్‌కే బిగించి ఉంటాయి కనుక అది కుళ్లిన కారును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దని నా సలహా. నా కారు అడుగంతా మందపాటి నల్లటి పూత పూసి ఉంది, చూడడానికి బహు ముచ్చటగా. కొన్న వారం దాని కింద పడుకొని స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లాను. గట్టి రేకు ఖంగుమంటుంది. కుళ్లిన రేకు అప్పడం మీద తట్టినట్టు పొడిగా పలుకుతుంది. డ్రైవరు వైపు జాకీ చోటు దగ్గర ఆ పొడి చప్పుడు విని కొనతో గుచ్చితే స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగిపోయింది. వెనక్కి లాగినప్పుడు ఎర్రటి తడి పొలుసులతో పాటు ముద్దగా మారిన వార్తాపత్రిక ముక్కలు నా ముఖం మీద రాలాయి. ఎవరో మహానుభావుడు రంధ్రంలో కాగితం కుక్కి, పుట్టీ రాసి, పైన పూత పూశాడన్నమాట.

మొదటి విడత వెల్డింగును ఒక వర్క్‌షాపుకు అప్పగించడం నేను చేసిన పెద్ద తప్పు. 1,400 పౌండ్లు తీసుకొని, కుళ్లిన సిల్‌ను కోసి తీయకుండా దానిమీదే కొత్త రేకు అతికించి, రంగు కొట్టి ఇచ్చారు. ఏడాది తిరగకముందే అతుకు అంచున గోధుమరంగు గీత తేలింది. అప్పుడు సాయంకాలపు తరగతులకు వెళ్లి మిగ్ వెల్డింగ్ (తీగను కరిగించి అతికించే పద్ధతి) నేర్చుకొని, వారు చేసిందంతా గ్రైండరుతో కోసేసి, మంచి రేకు కనిపించేదాకా వెనక్కి వెళ్లి, అక్కడినుంచి మళ్లీ కట్టుకొచ్చాను. సిల్ కోసే ముందు తలుపుల ఖాళీలో ఇనుప గొట్టాలు అడ్డంగా బిగించి ఒళ్లు వంగకుండా కట్టు కట్టాలని తెలిసి కూడా ఎడమవైపు ఆ పని ఎగ్గొట్టాను. ఫలితంగా ఆ వెనుక తలుపును నేటికీ కాస్త పైకెత్తి వేయవలసి వస్తోంది. మడ్‌గార్డులు నాలుగూ బోల్టులతో బిగించినవే కావడం ఒక్కటే ఈ భాగంలో ఊరట. విప్పి, లోపల శుభ్రం చేసి, మధ్యలో కొత్త ప్లాస్టిక్ పట్టీ పెట్టి బిగించుకోవచ్చు. పెట్టె భాగాల లోపలికి పలచటి మైనం పిచికారీ చేయడం ఏటా సెప్టెంబరులో తప్పనిసరిగా చేస్తాను. ఆ తర్వాత పది రోజులు గ్యారేజీ అంతా కొవ్వొత్తుల దుకాణంలా వాసన వేస్తుంది.

రేకు తర్వాత కొనేవారు తెలుసుకోవలసింది ముందు చక్రాల ట్రనియన్ల గురించి. చక్రాన్ని పట్టుకొనే నిలువు కడ్డీ కింది కొసకు మరలు ఉంటాయి. అది ట్రనియన్‌లోకి బిగిసి ఉండి, స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరల మీదే తిరుగుతుంది. గ్రీజు ఉన్నంతకాలం దానికి లోటు లేదు. గ్రీజు లేకపోతే మరలు అరిగి, కడ్డీ ఒకనాడు ఊడి బయటికి వస్తుంది. 2017లో ఒక సూపర్ మార్కెట్ కార్ పార్కులో, స్టీరింగు పూర్తిగా తిప్పి వెనక్కి తీస్తుండగా, ఠప్పుమన్న చప్పుడుతో ఎడమ చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుపోయింది. కారు మోకాలు విరిగిన ఎద్దులా కూలబడింది. మా ఆవిడ చేతిలో కోడిగుడ్ల అట్టపెట్టె పగలలేదు గాని నా ధైర్యం పగిలింది. అదే ముప్పావుగంట ముందు, యాభై మైళ్ల వేగంలో జరిగి ఉంటే ఈ సమీక్ష ఉండేది కాదు. తప్పు పూర్తిగా నాదే. ఆ చలికాలమంతా బద్ధకించి గ్రీజు గన్ ముట్టుకోలేదు. ఇప్పుడు ప్రతి వెయ్యి మైళ్లకు, చక్రాన్ని నేలమీంచి లేపి, బరువు లేకుండా వేలాడుతున్న స్థితిలో, పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చి దాని వెనుక కొత్తది కనిపించేదాకా కొడతాను.

బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. సరిగా అమర్చుకుంటే మన పని గడుస్తుంది, కాని ముందువాడికి తగినంత దూరంలో నడపడం మాత్రం నేర్చుకోవాలి. దీనిలో నాకు నచ్చని అమరిక, పెడలు ఒత్తిడిని నూనె ద్వారా బ్రేకులకు పంపే మాస్టర్ సిలిండర్‌ది: అది డ్రైవరు కాళ్ల కింద, పెట్టె భాగం లోపల దాగి ఉంటుంది. నూనె చూడాలంటే తివాచీ ఎత్తి, నేలలోని చిన్న మూత తీయాలి. సిలిండర్‌ను మార్చాలంటే దాని బోల్టు బయటికి రాకుండా టోర్షన్ బార్ అడ్డు తగులుతుంది. నేను ఆ బార్‌ను పక్కకు జరపడానికే ఒక శనివారం ధారపోశాను. తిరిగి బిగించేటప్పుడు బోల్టును రెండో వైపునుంచి తొడిగాను.

పెట్రోలు పంపు బానెట్ కింద ఉండే ఎస్.యు. వారి విద్యుత్ పంపు. తాళం తిప్పగానే గబగబా టకటకమని, కార్బురేటరు నిండాక నిదానిస్తుంది. ఆ చప్పుడు వినిపించలేదంటే లోపలి పాయింట్లు మాడాయని అర్థం. పానా పిడితో మెల్లగా తడితే ఇంటికి చేరేంత ప్రాణం వస్తుంది. 2021లో ఇక్కడ పదిశాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చి, అయిదు శాతమే ఉండే సూపర్ రకం పోయిస్తున్నాను. ఇక ఎలక్ట్రికల్ పనుల్లో గుర్తుంచుకోవలసింది ఒకటే, ఇప్పటి కార్లకు భిన్నంగా ఈ కారుకు బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ (కారు ఒంటికి కలిపి ఉంటుంది). అది మరిచి ఫోను ఛార్జరు పెట్టబోయి ఫ్యూజుతో పాటు ఛార్జరునూ కాల్చుకున్నాను. లైట్లు మసకబారితే వైర్లను తిట్టే ముందు ఎర్త్ బోల్టులు విప్పి గీకి చూడాలి. నా విషయంలో నాలుగుసార్లకు మూడుసార్లు జబ్బు అక్కడే దొరికింది.

నడపడం గురించి అడిగితే మాత్రం నా గొంతు మారుతుంది. రాక్ అండ్ పినియన్ స్టీరింగు ఎంత సూటిగా ఉంటుందంటే, పల్లె రోడ్ల మలుపుల్లో ఇప్పటి కార్లలో దొరకని స్పష్టత చేతులకు తెలుస్తుంది. దీన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ నమూనా మరీ ఇరుకుగా ఉందనిపించి దాన్ని నిలువునా రెండుగా కోయించి, నాలుగంగుళాలు వెడల్పు చేయించాడు. బానెట్ నడుమ ఉబ్బుగా కనిపించే పట్టీ ఆ నిర్ణయపు గుర్తే. కడిగేటప్పుడల్లా నా చేయి దానిమీద ఒక క్షణం ఆగుతుంది. యాభై మైళ్ల వేగంలో హాయిగా పోతుంది, అరవై దాటితే మాట వినపడదు. మొదటి గేరుకు సింక్రోమెష్ (గేర్ల వేగాలను సరిపోల్చే ఏర్పాటు) లేదు కనుక కారు పూర్తిగా ఆగాకే అది వేయాలి. తెనాలిలో మా పెదనాన్నగారి టాక్సీ అంబాసిడర్ ఎక్కి పెరిగినవాణ్ని కాబట్టి ఈ పద్ధతులు నాకు కొత్త అనిపించలేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా తయారైన ఆ బండికీ ముందు టోర్షన్ బార్లే, వెనుక కమాను పట్టీలే. నెలకోసారి గ్రీజు కొట్టించనిదే పెదనాన్నగారు ఊరు దాటేవారు కారు. కార్ పార్కులో కూలబడిన రోజున మొదట గుర్తొచ్చింది ఆయనే.

ఖర్చు విషయానికొస్తే, కొన్న ధరతో కలిపి రోడ్డెక్కే నాటికి దాదాపు 7,800 పౌండ్లయింది; అమ్మితే అంత రాదు. ఆ తర్వాత ఏడాదికి సగటున నాలుగు వందలు. నలభై ఏళ్లు దాటిన కారు కనుక రోడ్డు పన్ను లేదు. 2018 మే నుంచి, మౌలికమైన మార్పులు చేయని ఇటువంటి పాత కార్లకు ఏటా చేయించే ఎం.ఓ.టి. తనిఖీ కూడా తప్పనిసరి కాదు. నేను మాత్రం డబ్బు కట్టి ఏటా చేయిస్తూనే ఉన్నాను. ట్రనియన్ అనుభవం తర్వాత నా కళ్ల మీద నాకు అంత నమ్మకం లేదు. ఇంటి దగ్గర కప్పున్న చోటు లేనివారికి, రోజూ ఆఫీసుకు ఇదొక్కటే కారుగా వాడాలనుకొనేవారికి దీన్ని సిఫారసు చేయను. మిగిలినవారు రంగు వెలిసినా పరవాలేదు, వెల్డింగ్ జరుగుతున్నప్పటి ఫొటోలు చూపగలిగినవారి దగ్గరే కొనండి.

ప్రస్తుతం వెనుక కుడివైపు షాక్ అబ్సార్బర్ నూనె కారుతోంది. పాతది తిరిగి పంపే షరతు మీద, బాగు చేసిన దాన్ని తెప్పించుకున్నాను. శనివారం వాన పడకపోతే బిగించేస్తాను.