నానమ్మ చెప్పిన బాంబు చూడ్డానికి వైజాగ్ వెళ్లాం

మా నాన్నకి 76. "ఆ జపాను బాంబు ఒక్కసారి చూపించమ్మా" అని రెండేళ్లుగా అడుగుతున్నారు. 1942 ఏప్రిల్ 6న వైజాగ్ హార్బర్ మీద బాంబులు పడ్డప్పుడు మా నానమ్మ వాళ్లిల్లు వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర. పొయ్యి మీద అన్నం దించకుండానే ఎడ్లబండెక్కి శృంగవరపుకోట వెళ్లిపోయారట.

ముందు లాడ్జి సంగతి చెప్పాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, రోజుకి 1,600. ఫోన్‌లో "24 గంటల చెక్‌అవుట్ మేడమ్" అన్నారు. రాత్రి తొమ్మిదికి దిగాం. పొద్దున్న ఏడింటికే తలుపు కొట్టి, ఎనిమిదికల్లా ఖాళీ చెయ్యమన్నారు. గంటసేపు గొడవపడితే, ఇంకో 800 తీసుకుని మధ్యాహ్నం దాకా ఉండనిచ్చారు. రసీదు లేదు. గీజర్ పనిచేయదు, బకెట్ వేడినీళ్లకి 40. నాకు టెన్షన్ ఎందుకని నాన్న చన్నీళ్లే పోసుకున్నారు. అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఫోన్‌లో చెప్పిన ప్రతి మాటా వాట్సాప్‌లో పెట్టించుకోండి.

బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియానికి ఆటో 150. పాత డచ్ బంగ్లా అది, 1991లో మ్యూజియం చేశారు. కత్తులు, నాణేలు, పట్టు బట్టలు, పాత మ్యాపులు. "సబ్‌మెరైన్ ఎప్పుడు?" అని మావాడు సణుగుతూనే ఉన్నాడు. బాంబు దగ్గరికి రాగానే నాన్న ఆగిపోయారు. 250 పౌన్లు, అంటే 113 కిలోలు. కళ్లజోడు తీసి, కండువాతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇలాంటిది మా వీధిలో పడుంటే నేను పుట్టేవాణ్ణే కాదు."

మావాడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మరి ఆ అన్నం ఎవరు తిన్నారు తాతయ్యా?"

"ఏమోరా. తిరిగొచ్చేసరికి కుండ కూడా లేదట."

అరగంట అక్కడే ఉన్నాం. సాయంత్రం కురుసురా సబ్‌మెరైన్ చూశాం. 91 మీటర్ల పొడవు, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది. మావాడికి పండగే. లోపల దారులు మరీ ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయటే కూర్చోవడం మంచిది. నాన్న అలాగే కూర్చున్నారు.

చివరగా కురుపాం మార్కెట్ వైపు పోనివ్వమన్నారు. ఇల్లున్న చోట ఇప్పుడు నగల కొట్టు. నాన్న ఆటో దిగలేదు, అటే చూస్తూ కూర్చున్నారు. డ్రైవరు తనంతట తానే ఇంజిన్ ఆపేశాడు. పది నిమిషాలు ఆగినా వెయిటింగ్ అడగలేదు. 200 అన్నాడు, 250 ఇచ్చాను.